నా కూతకి లేచిన రోలరు

మీరంతా మీట నొక్కితే క్రేను కదిలే రోజుల్లో ఉద్యోగంలో చేరారు. అదృష్టవంతులు. మొన్న మీలో ఒకరు అడిగారు, "క్రేన్లు లేనప్పుడు అంతంత ఇనుము ఎలా ఎత్తేవారండీ?" అని. నోటితో ఎత్తేవాళ్ళం అన్నాను. ముసలాయనకి మతి తప్పిందనుకుని నవ్వి ఊరుకున్నారు. మతి బాగానే ఉంది. ఆ సంగతి నమ్మించడానికే ఇది రాస్తున్నాను.

మన పంచదార ఫ్యాక్టరీ ఆఫీసులో గుమస్తాగా చేరి, గుమస్తాగానే రిటైరయ్యాను. మధ్యలో ఫ్యాను కిందికి కుర్చీ మారింది, అదే నా ప్రమోషను. నా వల్ల ఫ్యాక్టరీకి జరిగిన మేలంటూ ఏదైనా ఉంటే అది ఒకే ఒక్క రోజు జరిగింది. అదీ కలంతో కాదు, గొంతుతో. నా గొంతు సంగతి మా ఇంట్లో అడగండి. నేను హారతి పాట అందుకుంటే మా ఆవిడ గంట గట్టిగా వాయించేది.

అది యాభైల చివర. చోడవరం దగ్గర ఫ్యాక్టరీ ఇంకా కడుతున్నారు. గోడలు లేచాయి, పైకప్పు సగం పడింది, విదేశం నుంచి వచ్చిన యంత్రాలు పెద్ద పెద్ద చెక్కపెట్టెల్లో ఎండకి ఎండుతున్నాయి. ఫ్యాక్టరీ వస్తుందన్న నమ్మకంతో రావికమతం నుంచి కె.కోటపాడు దాకా రైతులు ఉన్న పొలం చెక్కలన్నిటిలో చెరుకు వేసేశారు. వాళ్ళు రోజూ వచ్చి కంచె అవతల నిలబడి మా పని చూసేవారు. ఆ చూపులకి మా ఇంజనీరుగారికి అన్నం సయించేది కాదు.

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది ఆ ఇంజనీరుగారే. ఇంటర్మీడియట్ ఒకసారి తప్పి, రెండోసారి ఎలాగో గట్టెక్కినవాణ్ణి. "యంత్రాలు బిగించడానికి ఒక దొర వస్తున్నాడు. ఆయన చెప్పింది మన కూలీలకి తెలుగులో చెప్పాలి. ఆయన ఇంగ్లీషు నీకు అర్థమవుతుందా?" అని అడిగారు.

"ఇంగ్లీషే కదండీ," అన్నాను. ఎంత డాబుగా అన్నానో! ఆ ఒక్క మాట మీద ఉద్యోగం ఇచ్చేశారు.

దొర వచ్చాడు. తాటిచెట్టంత మనిషి, ఎండకి తోలు ఊడిన ముక్కు, టోపీ కింద ఎప్పుడూ ఒక తడి తువ్వాలు. వచ్చీ రాగానే నా చెయ్యి పట్టుకుని ఊపి, ఏదో చాలాసేపు చెప్పాడు. నేను చదివిన ఇంగ్లీషుకీ ఆయన మాట్లాడిన ఇంగ్లీషుకీ దూరపు చుట్టరికం కూడా లేదు. "యెస్ సార్" అన్నాను. ఆయన ఆగి, నా మొహంలోకి చూసి, ఇంకోసారి చెప్పాడు. ఇంకోసారి "యెస్ సార్" అన్నాను. చాలా రోజుల తర్వాత తెలిసింది, ఆయన నా పేరు అడిగాడని.

ఇక మా ఖలాసీల సంగతి. బరువులెత్తడమే వాళ్ళ వృత్తి. విశాఖపట్నం సముద్రపొడ్డున పుట్టి, ఓడరేవులో చేతులు కాయలు కాచినవాళ్ళు, ఓ నలభై మంది ఉంటారు. దొర వాళ్ళకి పావుగంట సేపు చేతులు తిప్పుతూ వివరించేవాడు. చెప్పడం అయ్యాక అందరూ నావైపు తిరిగేవారు. నేను గొంతు సవరించుకుని, "జాగ్రత్తగా చెయ్యమంటున్నారు," అనేవాణ్ణి. రోజూ అదే. బోల్టుల గురించి చెప్పినా అదే, పునాది గురించి చెప్పినా అదే. ఒక వారం చూసి వాళ్ళ మేస్త్రీ అననే అన్నాడు.

"బాబూ, ఆ దొర అంతసేపు వాగుతాడు. తమరు ఒక్క ముక్కే సెప్తన్నారు. మిగిలిందంతా ఏటి సేత్తన్నారు బాబూ, దాసుకుంటన్నారేటి?"

నలభై మందీ పగలబడి నవ్వారు. దొరకి ఏం అర్థమైందో ఏమో, ఆయనా నవ్వాడు. నేను తెల్లమొహం వేసుకుని నిలబడ్డాను.

ఆ మేస్త్రీ యాభై దాటిన మనిషి. బక్కపలచని ఒళ్ళు, తాడు లాగే బలం లేదు. ఆయన పని లాగడం కాదు, కూత. బరువుని తాడుకి కట్టి, ఆ తాడుని ఎత్తున వేలాడే కప్పీ చక్రాల గుండా పోనిచ్చి, రెండో కొసని నలభై మందీ పట్టుకుంటారు. పట్టుకున్నవాళ్ళకి బరువు కనిపించదు, కంటికి ఎదురుగా ముందువాడి వీపే ఉంటుంది. బరువునీ మనుషుల్నీ కలిపి చూసేవాడు ఒక్కడే, ఎత్తయిన చోట నిలబడ్డ మేస్త్రీ. ఆయన ఒక మాట అంటాడు. వీళ్ళు "హైలెస్సా" అంటూ ఒక్క లాగు లాగుతారు. ఇంకో మాట, ఇంకో లాగు. ఆయన ముగింపు కూత వేస్తేనే తాడుని గుంజకి చుట్టి బిగిస్తారు. అప్పటిదాకా ఎవరూ తమంత తాము ఆగరు, తమంత తాము లాగరు. కూత జరుగుతుండగా రెండో నోరు లేవకూడదు. అది వాళ్ళ కట్టుబాటు.

నాకేం తెలుసు! మొదటిసారి ఒక ఇనప దూలం ఎత్తుతుంటే, ఉద్యోగధర్మం గుర్తొచ్చి "జాగ్రత్త!" అని ఒక్క కేక వేశాను. నలభై మందీ దాన్ని కూత అనుకుని లాగేశారు. దూలం గిర్రున తిరిగి మంచినీళ్ళ కుండని పొడి చేసింది. మేస్త్రీ నన్నేమీ తిట్టలేదు. వేపకొమ్మ నుంచి ఒక పుల్ల విరిచి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఎత్తినంతసేపూ ఇది పళ్ళ మద్దిన ఎట్టుకోండి బాబూ. నోరు లెగదు."

అప్పట్నుంచి ఫ్యాక్టరీకి నియమితుడైన దుబాసీ, బరువు లేచినప్పుడల్లా పళ్ళ మధ్య వేపపుల్లతో నిలబడేవాడు. ఇంజనీరుగారు అటుగా వెళ్తూ చూసి, "ఇప్పటికి నీకు సరిపడ్డ పని దొరికిందోయ్," అన్నారు.

నోరు కట్టేశాక చెవులు పనిచేశాయి. వీళ్ళు లాగుతున్నప్పుడల్లా దొర పిడికిలి బిగించి, తనలో తను ఒక మాట అనుకునేవాడు. "న్యార్త్" అన్నట్టు వినిపించేది. ఒకరోజు మధ్యాహ్నం ఆయన రొట్టె తింటుంటే, ఆ మాట ఏమిటని అడిగాను. రొట్టె పక్కన పెట్టేశాడు. అలా అడిగినవాడు ఆయనకి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే దొరికినట్టున్నాను.

అది ఇంగ్లీషు కాదన్నాడు. తనది ఐర్లండ్ అన్నాడు. ఇంగ్లీషువాడని అంటే ఆయనకి ఎక్కడలేని కోపం. ఆ మాట తన అమ్మ మాట్లాడే భాషలోదట, బలం అని అర్థమట. నాకు తెలియడం కోసం ఒక్కొక్క మాటా నిదానంగా చెప్పాడు. అలా చెప్తే ఆయన ఇంగ్లీషు కూడా నాకు ఇంచుమించు అర్థమవుతుందని ఆరోజే తెలిసింది. ఇన్నాళ్ళూ నిదానంగా చెప్పమని అడగడానికి నాకు డాబు అడ్డొచ్చింది.

వాళ్ళ భాషలో 'నేను బలం కలిగి ఉన్నాను' అనడానికి మాటే లేదట. 'తా న్యార్త్ అగమ్' అంటారట. అంటే బలం నా దగ్గర ఉంది అని. ఈరోజు ఉంటుంది, రేపు లేచి పోతుంది, అది మన సొత్తు కాదు అన్నాడు. "మాకూ అంతే సార్. నాకు బలం ఉంది అంటాం గాని, ఇంగ్లీషువాడిలాగా నేను బలాన్ని పెట్టుకుని కూర్చున్నాననం," అన్నాను. దొర స్టూలు మీంచి లేచి నిలబడిపోయాడు. పదినిమిషాల పాటు నేను మహాపండితుణ్ణి.

ఆ మాటకి ఇంకో వాడుక కూడా ఉందట. దాని వెనక వేరే మాట చేరిస్తే 'బోలెడంత' అని అర్థం. న్యార్త్ అమా, బోలెడంత సమయం. న్యార్త్ అరిగిద్, బోలెడంత డబ్బు. న్యార్త్ ఎబ్రె, బోలెడంత పని. న్యార్త్ బియ, తిండి. న్యార్త్ ఇష్కె, నీళ్ళు. న్యార్త్ దీనె, బోలెడంత మంది మనుషులు. వెనక చేరే మాట ఊరికే చేరదు, చాలాసార్లు తోక మార్చుకుని మరీ చేరుతుంది. సమయం విడిగా ఉంటే 'అమ్', న్యార్త్ పక్కకి వస్తే 'అమా'. పని విడిగా 'ఒబర్', న్యార్త్ పక్కన 'ఎబ్రె'. పెద్దవాళ్ళ ముందుకొస్తే కండువా సర్దుకుంటాం చూడండి, అలాగ. ఆఖర్న ఆయనకి అన్నిటికంటే ఇష్టమైన వాక్యం: 'నీల్ న్యార్త్ అగమ్ ఎర్.' దీని మీద నా దగ్గర బలం లేదు, అంటే నా వల్ల కాదు, నేనేం చెయ్యలేను అని. సిమెంటు లారీ రాకపోతే ఆ మాట అనేవాడు. వాన పడితే అనేవాడు. మా క్యాంటీను సాంబారు తిన్నాక కూడా అనేవాడు.

నాకు పిచ్చి పట్టింది. చిన్నప్పుడు సంస్కృత శబ్దాలు వల్లె వేసినట్టు, తెల్లారగట్ల నూతి దగ్గర నీళ్ళు పోసుకుంటూ ఈ వరసంతా గట్టిగా వల్లించేవాణ్ణి. నేను అద్దెకున్న ఇంటావిడ నాలుగు రోజులు ఓపిక పట్టింది. అయిదో రోజు గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఏటి మంత్రం బాబూ అది? తమరు సదవడం మొదలెట్టిన కాడ్నుంచి మా గేదె సరిగ్గా పాలివ్వడం నేదు. సదివితే మెల్లగా సదువుకోండి, నేదంటే వేరే ఇల్లు సూసుకోండి."

ఈ భాష ఎవరికి పనికొస్తుంది, ఎందుకు నేర్చుకున్నావు అని మా తోటి గుమస్తాలు వేళాకోళం చేసేవారు. న్యాయమైన ప్రశ్నే. పొద్దున్నే నూతి దగ్గర మళ్ళీ అదే వల్లించేవాణ్ణి, కాస్త మెల్లగా.

గానుగలో ఆఖరి రోలరు దించే రోజు వచ్చింది. చెరుకు నలిగేది ఆ రోలర్ల మధ్యనే. కిందవి రెండూ అప్పటికే కూర్చున్నాయి. పైది కూర్చుంటే గానుగ పూర్తయినట్టే. ఆ సంగతి ఎలా పాకిందో, వడ్డాది నుంచి కూడా రైతులు బండ్లు కట్టుకుని వచ్చి కంచె పట్టుకుని నిలబడ్డారు. ఇంజనీరుగారు కొత్త చొక్కా తొడుక్కుని కంచె దగ్గర రైతులతో నిలబడ్డారు. నేను పుల్ల పళ్ళ మధ్య పెట్టుకుని మేస్త్రీ పక్కన నిలబడ్డాను.

రోలరు ముచ్చటగా లేచింది. గానుగ మీదికి వచ్చింది. ఇక దించాలి. దించేటప్పుడు తాడుని గుంజ మీంచి తీసేసి, చేతుల మీదే జానెడు జానెడు వదులుతారు. దించే కూత వరస వేరు, మామూలు పొట్టి కూత వినిపిస్తే మళ్ళీ పైకి లాగడమే. పైన గానుగ చట్రం మీద గునపంతో రోలరుని సర్దడానికి ఒకడు నిలబడ్డాడు. అతను మేస్త్రీ బావమరిది. తల్లి పోతే అక్క వెంట వచ్చినవాణ్ణి మేస్త్రీ తన చేతుల మీద పెంచాడు. కన్నకొడుకులు లేని మనిషి, వీడే కొడుకు.

కిందికి వస్తూ వస్తూ రోలరు కొంచెం పక్కకి తిరిగింది. అడ్డుగా ఉన్న చెక్కముక్కని తీసేద్దామని బావమరిది చెయ్యి పెట్టాడు. ఇనప చట్రానికీ రోలరు ఇరుసుకీ మధ్య ఆ చెయ్యి ఇరుక్కుంది. పెద్దగా అరవనైనా లేదు. "ఓలమ్మా" అన్నాడు, అంతే.

తాడు ఇంకొక్క బెత్తెడు జారితే చెయ్యి పోతుంది, చెయ్యితో పాటు మనిషి లోపలికి పోతాడు. పైకి లేపాలి. అదీ మెల్లగా, ఒక్క లాగు తర్వాత ఒక్క లాగు. తాడు పట్టుకున్నవాళ్ళకి ఇదేమీ కనిపించడం లేదు. వాళ్ళు కూత కోసం చూస్తున్నారు.

మేస్త్రీ నోరు తెరిచాడు. శబ్దం రాలేదు. ఆయన కళ్ళు బావమరిది మీదే ఉన్నాయి. నోరు అలాగే తెరుచుకుని ఉంది, మెడ నరాలు ఉబ్బాయి.

కూత లేకపోతే నలభై మంది ఒక్క మనిషిగా ఉండరని నాకు అప్పుడే తెలిసింది. తాడు వణకడం మొదలైంది. ఎవడి బరువు వాడికి తెలిసిపోతోంది. దొర ఇంగ్లీషులో ఒక్క గావుకేక పెట్టాడు. సగం మంది లాగారు, సగం మంది లాగలేదు. తాడు ఎగిరిపడింది. పైన బావమరిది ఈసారి గట్టిగా అరిచాడు. దొర తన చేత్తో తనే నోరు మూసుకుని నావైపు చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోలేను. తెలుగు తెలిసినవాడివి నువ్వేగదా, ఏదైనా అను, అంటున్నాడు.

పుల్ల ఉమ్మేశాను. మేస్త్రీ పాటలు నెలల తరబడి రోజూ విన్నాను. ఒక్క పాట గుర్తు రాలేదు. ఒక్క చరణం, ఒక్క మొదటి ముక్క, ఏదీ లేదు. బుర్రలో ఉన్నదల్లా పొద్దున్న నూతి దగ్గర వల్లించిందే. అదే బయటికొచ్చింది.

"న్యార్త్ అమా!"

ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత అలవాటు కొద్దీ నలభై గొంతులు, "హైలెస్సా!" తాడు బిగిసింది.

"న్యార్త్ అరిగిద్!"

"హైలెస్సా!"

రోలరు కదిలింది. న్యార్త్ ఎబ్రె, హైలెస్సా. న్యార్త్ బియ, హైలెస్సా. కంచె అవతల రైతులు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. దొర చెయ్యి ఇంకా నోటి మీదే ఉంది, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. న్యార్త్ ఇష్కె, హైలెస్సా. న్యార్త్ దీనె, హైలెస్సా. అంతటితో నా పాండిత్యం అయిపోయింది. చెయ్యి ఇంకా ఊడలేదు.

ఏం చెయ్యను? "న్యార్త్ బెల్లం!" అన్నాను. హైలెస్సా. "న్యార్త్ చెరుకు!" హైలెస్సా. "న్యార్త్ సాంబారు!" తోకలు మార్చే తీరిక ఎవడికుంది! సాంబారు దగ్గర చెయ్యి బయటికొచ్చింది. ఇద్దరు మనుషులు ఎగబాకి బావమరిదిని కిందికి లాగేశారు.

బతికాంరా దేవుడా అనుకున్నాను. అనుకున్నాక గుర్తొచ్చింది, మొదలుపెట్టడం తెలిసింది గాని ఆపడం నాకు తెలియదని. నేను ఆయాసానికి ఆగితే తాడు మళ్ళీ వణుకుతోంది. అందుకని ఇంకో మాట, ఇంకో లాగు. రోలరు పైకి, ఇంకా పైకి, నేరుగా కప్పీ వైపు పోతోంది. అది వెళ్ళి కప్పీకి కొట్టుకుంటే తాడు తెగి అంత బరువూ గానుగ నెత్తిన పడుతుంది. దొర రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు. "ఆగండి!" అని అరిచాను. హైలెస్సా, అని లాగేశారు. "ఆపండర్రా బాబూ!" హైలెస్సా! నా నోట్లోంచి ఏది వస్తే అదే కూత అయిపోతోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏడుపు గొంతుతో, ఉన్నదంతా పెట్టి అరిచేశాను.

"నీల్ న్యార్త్ అగమ్ ఎర్!"

అది పొడుగు వాక్యం. దాన్ని ఎక్కడ అందుకుని లాగాలో వాళ్ళకి తెలియలేదు. మాట పూర్తవుతుందేమోనని తాడు బిగబట్టి నిలబడ్డారు. ఆ నిలబడ్డ కాస్త సందులో, నా పక్కనుంచి మేస్త్రీ గొంతు బొంగురుగా ముగింపు కూత వేసింది. తాడు గుంజకి చుట్టేశారు. నేను అక్కడే కూలబడ్డాను.

చోడవరం నుంచి డాక్టరుగారు వచ్చి బావమరిది చేతికి వెదురు బద్దలు కట్టారు. ఎముక విరిగింది గాని చెయ్యి ఉంటుందన్నారు. మందుకి మత్తుగా పడుకున్నాడు. దొర వచ్చి నన్ను పైకి లేపి నిలబెట్టి చాలాసేపు మాట్లాడాడు. నాకు అర్థమైంది ఒక్కటే: బెల్లానికీ చెరుకుకీ తోక మార్చాల్సింది, మార్చలేదు, అయినా క్షమించాడు.

రోలరు ఇంకా గాలిలోనే వేలాడుతోంది. మధ్యాహ్నం దించాలి. ఖలాసీల్లో అందరికంటే పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు.

"బాబూ, దించేటప్పుడూ కూత తమరే ఎయ్యాల. ఏ నోరు లేపిందో ఆ నోరే దింపాల, అది మా కట్టు. మా మేస్త్రీ నోరు పడిపోనాది. పని మద్దిన నోరు పడిపోయినోడు మరింక కూతకి నిలబడకూడదు. ఇయ్యాల్నుంచి ఆడూ మా తోటే తాడు పట్టుకుంటాడు."

ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది, నాకు ముందు కలిగింది గర్వం. తువ్వాలు తలపాగా చుట్టుకుని, పెట్టెల చాటుకి వెళ్ళి కూత సాధన కూడా చేశాను. దించే వరస నాకు రాదని గుర్తొచ్చి, పాఠం చెప్పించుకుందామని మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. షెడ్డులో బావమరిది తల దగ్గర కూర్చుని ఈగలు తోలుతున్నాడు. అడిగిన వెంటనే నేర్పాడు. ఎక్కడ సాగదియ్యాలో, ఎక్కడ తుంచాలో, ముగింపు కూత ఎలా వెయ్యాలో, అన్నీ ఓపిగ్గా చెప్పాడు. తన ఉద్యోగం నా చేతుల్లో పెడుతూ కూడా గొంతులో కోపం లేదు. చెప్పడం అయ్యాక అడిగాడు.

"తమరు ఆకర్ని ఒక పొడుగు మాట అరిసేరు. దానికి అర్దమేటి బాబూ?"

"నా వల్ల కాదు అని, మేస్త్రీ," అన్నాను. చెప్పడానికే నామోషీగా ఉంది. నలభై మంది ప్రాణాలు బిగబట్టి తాడు పట్టుకుంటే నేను అరిచింది అది.

మేస్త్రీ ఈగలు తోలడం ఆపేశాడు. బావమరిది మొహం వైపు చూశాడు.

"నాకూ అదే వచ్చింది బాబూ. ఆడి సెయ్యి సూడగానే గొంతుదాకా వచ్చేసింది, నా వల్ల కాదురా అని. మన మాటే కదా, ఆళ్ళకి తెలిసిపోద్ది. మేస్త్రీ అంత మాటంటే తాడు ఒగ్గేత్తారు. అందుకే మింగేసేను. బలవంతంగా మింగేసేను బాబూ. దాంతో పాటు పాటా లోపలికెల్లిపోనాది, మరి రానేదు."

"ఇది మీవాళ్ళకి చెప్పండి," అన్నాను.

"ఎందుకు బాబూ? నోరు పడిపోవడం పడిపోవడమే. తమరూ సెప్పకండి."

చెప్పాను. నేరుగా వెళ్ళి, చెట్టుకింద అన్నాలు తింటున్న నలభై మంది మధ్య నిలబడి, ఆయన ఏమన్నాడో ఆ మాటలే, ఆ వరసలోనే చెప్పాను. దుబాసీగా నా బతుకులో అదే నికార్సయిన పని. పెద్దాయన ముద్ద కలపడం ఆపి, విస్తరి మడిచి లేచిపోయాడు.

మధ్యాహ్నం నేను తలపాగాతో ఎత్తు మీద నిలబడ్డాను. మేస్త్రీ వెళ్ళి తాడు కొసన, అందరి వెనక, తలొంచుకుని తాడు పట్టుకున్నాడు. ఆయన ఒక్కడే పట్టుకున్నాడు. మిగిలినవాళ్ళు తాడు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇంజనీరుగారు కేకలేశారు. దొర నన్ను చూసి, వాళ్ళని చూసి, ఏం జరుగుతోందని అడిగాడు. నేను పెద్దాయన వైపు చూపించాను. పెద్దాయన మేస్త్రీ వైపు వెనక్కి తిరిగాడు.

"మేస్త్రీ, నువ్విక్కడ తాడట్టుకుంటే కూత ఎవులేత్తారు?"

"నా నోరు పడిపోనాది కదా."

"పడిపోనేదు. మాకోసం మూసేవు. ఎల్లు, నీ సోట్లోకెల్లు."

మేస్త్రీ కదల్లేదు. ఎవరూ తొందరపెట్టలేదు. చివరికి ఆయన తాడు వదిలి, పైపంచెతో మొహం తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. నేను తలపాగా తీసేసి ఎత్తు దిగాను. మొదటి కూత సగంలో విరిగిపోయింది, గొంతు జీర పోయింది. అది బాగుందో లేదో ఎవరూ చూడలేదు. "హైలెస్సా" అని కప్పు అదిరిపోయేలా అందుకున్నారు.

తాడు కొసన ఆయన వదిలిన చోటు ఖాళీగా ఉంది. నేను వెళ్ళి అక్కడ నిలబడి తాడు పట్టుకున్నాను. మొదటి రెండు కూతలకే అరచేతుల తోలు లేచిపోయింది. ముందువాడి వీపు తప్ప నాకేమీ కనిపించలేదు, రోలరు ఎప్పుడు గానుగలో కూర్చుందో కూడా తెలియలేదు. ఆయన పాడినంతసేపూ నేనూ "హైలెస్సా" అని అరిచాను. అంతమంది గొంతుల్లో నా గొంతు ఎవరికీ వినిపించలేదు.